పడమటి తలుపు

తలుపు ఒక్కటి తప్ప ఇల్లంతా అయిపోయింది. గోడలు లేచాయి, స్లాబు పడింది, గచ్చు ఆరింది. దర్వాజా చట్రం నిలబెట్టి, పసుపు రాసి, మామిడాకులు కట్టి రెండు నెలలు దాటింది. ఆ దర్వాజాకు ఎలాంటి రెక్కలు పెట్టించాలో తేలక రామస్వామి గోనెపట్టా ఒకటి వేలాడదీసి ఊరుకున్నాడు.

అది ఎనభై నాలుగో సంవత్సరం. దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్బీ నగర్ వైపు పోతుంటే రోడ్డుకు రెండు పక్కలా జొన్నచేలూ ద్రాక్షతోటలూ హద్దురాళ్ల మధ్య ముక్కలవుతున్న రోజులు. కర్మన్‌ఘాట్ పోయే దారిలో యాదగిరి అనే ఆసామి తన తాతలనాటి తోటలో సగం చదును చేసి ప్లాట్లు వేశాడు. బస్సు కండక్టరు రామస్వామి అందులో నూట ఇరవై గజాలు కొన్నాడు. నల్గొండ జిల్లాలోని పల్లె విడిచి అప్పటికి పన్నెండేళ్లు. ఆ పన్నెండేళ్లూ మలక్‌పేటలో ఒక్క గది కిరాయి ఇంట్లోనే గడిచాయి. భార్య అరుణమ్మ, ఇద్దరు ఆడపిల్లలు, తల్లి పెంటమ్మ, అందరూ ఆ గదిలోనే.

పెంటమ్మకు దమ్ము రోగం. కిటికీ లేని ఆ గదిలో ఆమె ఏనాడూ వెన్ను వాల్చి పడుకోలేదు. గోడకు దిండు ఆనించుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, కూర్చునే నిద్రపోయేది. దవాఖానలో డాక్టరు రామస్వామిని పక్కకు పిలిచి, నేనిచ్చే మందు సగమే, మిగిలిన సగం గాలి, గాలి ఆడేచోట ఉంచు అన్నాడు. ఇల్లు కట్టాలన్న పట్టుదల రామస్వామికి ఆ మాటతోనే వచ్చింది.

కానీ కట్టిన ఇల్లు రైలుపెట్టెలా వచ్చింది. ముందు హాలు, నడుమ గది, వెనక వంటిల్లు. అటూ ఇటూ ఖాళీ వదలడానికి జాగ లేదు. మేడమెట్లు ముందువైపే కట్టడంతో హాలుకు కిటికీ పెట్టే చోటు కూడా పోయింది. గాలి రావాలంటే వాకిలి గుండానే రావాలి. ఇల్లు పడమటి ముఖం. ఎదురుగా యాదగిరి తోటలో ఇంకా తెగని సగం పచ్చగా ఉంది. అక్కడినుంచి వచ్చే గాలి గోనెపట్టాను ఎగరేసి వంటింటి దాకా పోయేది.

తలుపు ఎలాంటిది కావాలంటే ఇంట్లో ముగ్గురివీ మూడు మాటలు.

పెంటమ్మ తలుపే వద్దంది. ఊళ్లో వెదురుతడక కట్టుకుని బతకలేదా, ఇక్కడా అదే కట్టు అంది. అరుణమ్మ ఆ మాటకు ససేమిరా అంది. ఆ లైనులో వాళ్లదే మొదటి ఇల్లు, చుట్టుపక్కల ఒక్క దీపం లేదు. ఎల్బీ నగర్ దగ్గర ఎవరో పెళ్లికి పోయి వచ్చేసరికి, జాలీ తలుపు కోసి, బిందెలూ చీరలూ కడకు ఉప్పుజాడీ కూడా ఎత్తుకుపోయారని బోరింగు కాడ ఆడవాళ్లు చెప్పుకున్నారు.

"నువ్వు పొద్దుగాల నాలుగింటికే డ్యూటీకి పోతవు. తలుపెన్క ఉండేది నేనూ పిల్లలు. గాలి రాకుంటే విసనకర్ర ఉంటది. దొంగొస్తే నా కాడ ఏమున్నది?" అని అడిగింది.

 రామస్వామి మనసులో మూడో మాట ఉంది, అది పైకి చెప్పుకోవడానికి సిగ్గుపడేవాడు. అతనికి అందమైన తలుపు కావాలి. పుట్టి బుద్ధెరిగాక సొంత తలుపంటూ ఎరగని మనిషి. ఊళ్లో దొరవారి గడీ తలుపు ముందు చెప్పులు విడిచి చేతులు కట్టుకుని నిలబడ్డ తండ్రిని చూసినవాడు. టేకు రెక్కలు, పద్మాలు చెక్కినవి, నూనె పెడితే నిగనిగలాడేవి తన వాకిట్లో ఉండాలని ఎన్నాళ్లుగానో అనుకున్నాడు.

ఊరినుంచి వడ్రంగం చేసే వడ్ల మట్టయ్యను పిలిపించాడు. మట్టయ్య పెంటమ్మను అక్కా అని పిలుస్తాడు, ఆ వరసన రామస్వామికి మామ. ముసలివాడే గాని ఉలి పట్టుకుంటే చెయ్యి వణకదు. వచ్చీ రాగానే కొయ్య కొనకుండా, ముందు నాలుగు తలుపులు చూద్దాం పద అన్నాడు. వారపు సెలవు రోజున ఇద్దరూ కొత్తపేట, సరూర్‌నగర్ గల్లీలన్నీ తిరిగారు. పట్నం వచ్చి ఎవరైనా చార్మినారు చూస్తారు, వీళ్లు వాకిళ్లు చూశారు.

సరూర్‌నగర్‌లో ఒక రిటైరైన తహసీల్దారు ఇంటి తలుపు చూసి రామస్వామి అడుగు ముందుకు పడలేదు. నిలువెత్తు టేకు. పైన గజలక్ష్మి, కింద హంసలు, నడుమ ఇత్తడి గుబ్బలు. మట్టయ్య వేలితో తట్టి చూసి, మెచ్చుకోలుగా తలూపాడు. ఇంతలో ఇంటాయన వెనక సందులోంచి చెంబు పట్టుకుని వచ్చాడు. చెమటతో బనీను ఒంటికి అతుక్కుంది. లోపల ఉడికిపోతున్నానయ్యా, కరెంటు పోయిందంటే నా కాపురం వెనక మెట్ల మీదే అని నవ్వాడు. తిరిగి వచ్చేటప్పుడు దిల్‌సుఖ్‌నగర్ దగ్గర చాయ్ తాగుతూ మట్టయ్య అన్నాడు.

"అల్లుడా, మూడు గుణాలు ఒక్క తలుపుల కుదరాలంటే కష్టమే. అయినా నేనొకటి జూస్త."

ఆ తలుపు చెయ్యడానికి అతనికి నలభై రోజులు పట్టింది. జోడురెక్కల తలుపు. కింద సగం మందపాటి టేకు పలక, రెక్కకో పద్మం. పై సగంలో వేలెడంత ఎడంతో ఏటవాలు చెక్కపట్టీలు. బయటినుంచి చూస్తే లోపలి మనిషి కనిపించడు, గాలి మాత్రం వస్తుంది. పట్టీల వెనక, చట్రంలోకి దూర్చిన ఇనుపకడ్డీలు. రెండు రెక్కలకూ అడ్డంగా లోపల ఒక గడియ. పట్టీలను కావాలన్నప్పుడు మూసుకునేలా తిప్పుడు పట్టీలుగా చేస్తానన్నాడు మట్టయ్య. అరుణమ్మే ఒప్పుకోలేదు. లోపలినుంచి తిరిగేది బయటినుంచీ తిరుగుతుంది, దొంగ వేలు పెట్టి తిప్పి చూడడా అంది. రామస్వామికి కూడా ఆ మాట సబబుగానే తోచింది. కదలని బిగింపు పట్టీలే పెట్టారు.

మాఘమాసంలో ఇంట్లోకి వచ్చారు. ఆ ఎండాకాలమంతా పడమటి గాలి ఆ పట్టీల్లోంచి సన్నగా, చల్లగా దిగేది. పెంటమ్మ మంచం వాకిలికి ఎదురుగానే వేశారు. ఒకనాడు మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చిన రామస్వామి తల్లిని చూసి ఉలిక్కిపడ్డాడు. ఆమె వెల్లకిలా పడుకుని ఉంది. దగ్గరికి పోయి చూస్తే గురక పెడుతోంది. అరుణమ్మను పిలిచి చూపించాడు. ఇద్దరూ కాసేపు అలాగే నిలబడి, ఆమె ఛాతీ నెమ్మదిగా లేచి పడడం చూశారు.

ఆ తలుపు చూడడానికి కొత్తగా ప్లాట్లు కొన్నవాళ్లు వచ్చేవాళ్లు. యాదగిరి అయితే కొనేవాళ్లను ముందు ఇక్కడికే తీసుకొచ్చి, మా కాలనీల ఇండ్లు గిట్లుంటయి అని చూపించేవాడు. అలా వచ్చినవాళ్లలో త్రినాథరావు ఒకడు. గుంటూరు వైపు మనిషి, మాట నెమ్మది. పట్టీల మీద చెయ్యి వేసి, ఎంత బుర్ర పెట్టి చేశారండీ అని మెచ్చుకున్నాడు. ఎదురుగా మిగిలిన తోటను యాదగిరి ఆ వర్షాకాలంలోనే కొట్టించేశాడు. వీళ్ల వాకిలికి సరిగ్గా ఎదురు ప్లాటు త్రినాథరావు కొన్నాడు.

కొత్తగా లేస్తున్న తన ఇంటి ముందు గదిలో పిండిమర పెట్టుకుంటానని, ఎదురింటివాళ్లుగా అభ్యంతరం లేదని ఒక కాగితం రాసివ్వమని దసరా ముందు అతను అడగడానికి వచ్చాడు. ఇరవై ఇళ్లు లేచిన కాలనీ. జొన్నలు పట్టించాలంటే డబ్బా నెత్తిన పెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ దాకా పోవాల్సి వస్తోంది. అరుణమ్మకు అది దేవుడు పంపిన కబురులా తోచింది. రామస్వామి సంతకం చేశాడు. పక్కింటివాళ్ల చేత కూడా తనే చేయించాడు. పిండి గిర్ని అంటే జొన్నలూ గోధుమలూ అనే అనుకున్నాడు తప్ప, ఇంకో సంగతి అతనికి తట్టలేదు.

చలికాలమంతా గిర్ని చప్పుడు తప్ప బాధేమీ లేదు. పెంటమ్మకు అది కాలక్షేపం కూడా అయింది. వచ్చేపోయే ఆడవాళ్లు ఈ గడప మీద కూర్చుని ఆమెతో నాలుగు మాటలాడి పోయేవాళ్లు. త్రినాథరావు భార్య సూర్యప్రభ మొదటి పిండి ఈ ఇంటికే పంపింది.

శివరాత్రి పోయింది. ఎండలు ముదిరాయి. ఊళ్లనుంచి ఎండుమిరపకాయలు వచ్చాయి. ఏడాది కారం, ఆవకాయ కారం, అందరికీ ఒక్కసారే. త్రినాథరావు రెండో మర బిగించాడు.

ఆ రోజు రామస్వామి రెండు గంటలకు డ్యూటీ దిగి వచ్చాడు. సందు మొదట్లోనే ముక్కు మండింది. గిర్ని ముందు డబ్బాల బారు, నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని తుమ్ముతూ నవ్వుతున్న ఆడవాళ్లు. ఎదురుగా తన తలుపు. పడమటి గాలి ఎప్పటిలాగే నేరుగా పోయి ఆ పట్టీల్లోకి దూరుతోంది.

లోపల మంచం ఖాళీగా ఉంది. వెనక బట్టలుతికే బండ దగ్గర పెంటమ్మ నేల మీద కూర్చుని ఉంది. అరుణమ్మ వీపు రుద్దుతూ ఏడుస్తోంది. ముసలామె భుజాలు చెవుల దాకా లేచి పడుతున్నాయి. ఛాతీలోంచి ఈలలా సన్నటి చప్పుడు. కొడుకును చూసి ఏదో చెప్పబోయింది, మాట రాలేదు. పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి.

ఆటోలో దవాఖానకు పోతున్నంతసేపూ రామస్వామి ఆమెను ఒళ్లో ఆనించుకుని కూర్చున్నాడు. జర ఓపిక పట్టు అవ్వా, ఒచ్చినం, ఒచ్చినం అని అంటూనే ఉన్నాడు. గాలి ఆమె తనంతట తాను పీల్చుకోవలసిందే. అతని రొమ్ములో ఎంతో ఊపిరి ఉంది, ఒక్క గుక్క కూడా తీసి ఇవ్వలేడు.

సూది మందు ఇచ్చారు. రెండు రోజులు ఉంచుకుని పంపారు. డాక్టరు అదే మాట మళ్లీ చెప్పాడు, గాలి ఆడేచోట ఉంచమని.

రామస్వామి త్రినాథరావు దగ్గరికి పోయాడు. కోపంగానే పోయాడు గాని, అతను ఎదురొచ్చి చేతులు పట్టుకునేసరికి కోపం నిలవలేదు.

"మీ అమ్మగారు మాకూ తల్లిలాంటిదేనండీ రామస్వామిగారూ. కానీ ఈ మూడు నెలల కారమే నాకు ఏడాది గ్రాసం. ఒట్టి గోధుమల మీద ఈ ఇల్లు నడవదు. మీరే చెప్పండి, ఏం చెయ్యమంటారో అది చేస్తాను."

 మర తీసెయ్యమని రామస్వామికి నోటిదాకా వచ్చింది. తలుపు పక్కన ఆ ఇంటి చంటిపిల్ల పిండి పులుముకుని ఆడుకుంటోంది. మాట మింగేశాడు.

త్రినాథరావు చేతనైంది చేశాడు. మిరపకాయలు సాయంత్రం నాలుగు దాటాకే పట్టాడు. మర ముందు తడిపిన గోనెసంచులు కట్టాడు. సూర్యప్రభ రోజూ రెండు బిందెలు ఆ గోనెల మీద పోసేది. కాని ఆ వాకిలి గాలికి దారి, గాలి వాళ్ల మాట వినదు. సాయంత్రం అయిందంటే పెంటమ్మ వంటింటి మూలకు జరిగి, ముక్కుకు తడికొంగు కట్టుకుని కూర్చునేది. అయినా దగ్గు మొదలయ్యేది. అరుణమ్మ తలుపు పట్టీలకు తడిదుప్పటి కట్టింది. గాలికి అది ఉబ్బి, ఊడి, ఎర్రటి పొడితో నేల మీద పడేది.

రామస్వామి యాదగిరి దగ్గరికి కూడా పోయాడు. ప్లాట్లు వేసిన పెద్దమనిషి, ఆయన మాట కాలనీలో చెల్లుతుంది. ఆయన అరుగు మీద కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, అంతా విన్నాడు.

"నేను జాగ అమ్మిన తమ్మీ. గాలి అమ్మలే," అన్నాడు. తన ఇంటి ముందు లేస్తున్న రెండంతస్తుల గోడ చూపించాడు. "నాకు మాత్రం ఒస్తున్నదా? గిప్పుడు నేనెవల్ని అడగాలె?"

చివరికి గిర్నికి పర్మిషన్ ఇచ్చిన ఆఫీసుకు అర్జీ పెట్టాడు. అక్కడి గుమాస్తా ఫైలు తీసి, కాగితాలు తిరగేసి, ఒక కాగితం ఇటు తిప్పి పెట్టాడు. ఈ సంతకం మీదేనా అని అడిగాడు. రామస్వామి తన సంతకం చూసుకున్నాడు. ముత్యాల్లాంటి అక్షరాలతో, కింద గీత కూడా గీసి, కుదురుగా పెట్టిన సంతకం. అవునని చెప్పి బయటికి వచ్చాడు.

ఇక మిగిలింది తలుపే. ఊరికి కబురు పంపితే మట్టయ్య వచ్చాడు. సంగతి విని, తలుపు ముందు గొంతుక్కూర్చుని, పట్టీలను ఒక్కొక్కటీ తడిమి చూశాడు. ఏటవాలు పొడుగునా కారం పేరుకుని ఉంది. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, కళ్లు తుడుచుకున్నాడు.

"గిదంత ఊడదీసి పలక ఎయ్యాలంటే నా చెయ్యి రాదు అల్లుడా. పైనించి పలక కొడ్త. ఎన్నడన్న తీసుకోవచ్చు," అన్నాడు.

పలకలు రామస్వామే పట్టుకున్నాడు. మట్టయ్య మేకులు కొట్టాడు. ఒక్కో పలక పడేకొద్దీ హాల్లో వెలుతురు తగ్గుతూ వచ్చింది. పెంటమ్మ మంచం మీద కూర్చుని చూస్తోంది. అరుణమ్మ తల దించుకుని నిలబడింది. తిప్పుడు పట్టీలు వద్దన్నది తనేనని ఆమె పైకి అనలేదు. ఆమెను ఎవరూ అననూలేదు.

కారం ఆగింది. దానితో గాలీ ఆగింది. వైశాఖం ఎండకు స్లాబు కాగి, హాలు పొయ్యిలా తయారైంది. ఫ్యాను ఉన్న వేడినే తిప్పి కొట్టేది, కరెంటు పోతే అదీ లేదు. పెంటమ్మ మళ్లీ గోడకు దిండు ఆనించుకుని కూర్చుంది. మలక్‌పేట గదిలో ఎట్లా కూర్చుందో, అచ్చం అట్లాగే, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని. తలుపు తీస్తే కారం, మూస్తే ఉక్క. రామస్వామి తలుపు తీస్తూ, మూస్తూ, మళ్లీ తీస్తూ ఒక పూటంతా గడిపాడు. ఆఖరికి ఆమే ఊరుకో బిడ్డా అంది.

"నీతోటి బస్సుల ఒస్త," అంది ఇంకాసేపటికి. "మొన్న దవాఖాన నుంచి బస్సుల ఒచ్చినప్పుడు పానం మంచిగనిపిచ్చింది."

రామస్వామికి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఇంటివాళ్లకు ఇచ్చే పాసు ఉంది. సాయంత్రాలు గడిస్తే చాలు కాబట్టి, డ్యూటీ రెండో పూటకు మార్పించుకున్నాడు. పెద్ద అంబర్‌పేట్ మీదుగా పోయే బస్సు. మూడింటికి తల్లిని రెక్క పట్టి ఎక్కించి, కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. ఎల్బీ నగర్ దాటాక బస్సు వేగం అందుకుంది. రెండు పక్కలా ఇంకా పొలాలే. గాలి కొట్టి ఆమె కొంగు ఎగిరింది. ఆమె కళ్లు మూసుకుని, ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. భుజాలు మెల్లగా కిందికి దిగాయి.

ఆ రోజు నుంచి రోజూ పోయింది. పోయి రావడం, మళ్లీ పోయి రావడం. చీకటిపడి గిర్ని మూశాక ఇల్లు చేరేది. డ్రైవరు ఆమె కూర్చునే చోట మెత్తగా ఉంటుందని కండువా మడిచి వేసేవాడు. ఎక్కే జనం ఎక్కుతున్నారు, దిగేవాళ్లు దిగుతున్నారు. ఆమె మాత్రం కదలదు. నడుమ బస్సు ఆగిన ప్రతిసారీ రామస్వామి ఆమె వైపు చూసేవాడు. బస్సు కదిలేదాకా అతని ఊపిరి కూడా ఆడేది కాదు. ఇల్లు కట్టాను గాని అమ్మ ఉండలేకపోయిందని ఎవరితోనూ అనలేదు. అనడానికి తప్పు ఎవరి మీద పెట్టాలో అతనికి తెలియదు.

వానలు పడి గిర్నికి కారం తగ్గాక పలకలు తీయించనా అని తల్లిని అడిగాడు. తీసి ఏం లాభం, మళ్ల ఎండకాలం రాదా, ఊకె మేకులు కొడ్తే కొయ్య చెడిపోతది అందామె. పలకలు అట్లాగే ఉండిపోయాయి. కాలనీలో ఇళ్లు నూరు దాటాయి. మరుసటి ఏడు మిరపకాయలు రాగానే, ఎవరూ చెప్పకుండానే, పెంటమ్మ మూడింటికి చెప్పులేసుకుని గడప దగ్గర నిలబడింది.

ఆ వారంలోనే ఒకనాడు కూరగాయల గంపతో ఎక్కిన ఒకామె పెంటమ్మ పక్కన కూర్చుంది. పోతూ ఒకసారీ, తిరిగి వస్తూ ఒకసారీ అదే చోట ఈమెను చూసింది.

"యాడికి పోవాలె అవ్వా నువ్వు?" అని అడిగింది. "పొయ్యేటప్పుడు ఉన్నవు, ఒచ్చేటప్పుడు ఉన్నవు."

"యాడికి లేదు బిడ్డా," అంది పెంటమ్మ. "గాలి కోసమొచ్చిన."

రామస్వామి రెండు సీట్ల అవతలే నిలబడి ఉన్నాడు. వెనకనుంచి ఎవరో దిల్‌సుఖ్‌నగర్‌కు రెండు టికెట్లు అడిగారు. అతనికి వినిపించలేదు. మళ్లీ అడిగారు. అప్పుడు తిరిగి, రెండు టికెట్లు చింపి ఇచ్చి, పైకడ్డీ పట్టుకుని వెనక్కి నడిచాడు.